బలమున్న రోజే కాగితం సరిగ్గా రాసుకోవాలి

రాజురా తాలూకాలో బొగ్గు గని కాంట్రాక్టు కార్మికుల సంఘం ఒకదానికి నేను కొన్నేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. యజమానితో బేరమాడటం, ఒప్పందం రాసుకోవడం, అది అమలు కాకపోతే కోర్టుకెక్కడం ఆ పదవిలో ఉన్నవాడి పని. ఆ పనికి ఉత్సాహంగా దిగాను కానీ, నేర్చుకుని దిగలేదు. దానివల్ల నన్ను నమ్మినవాళ్లలో కొందరికి పని పోయింది. వాళ్లకు పడిన బాకీ తీర్చే దారి నాకింకా దొరకలేదు. ఇంకొకరు అదే గోతిలో పడకుండా, జరిగింది జరిగినట్టు చెప్పడం మాత్రం నా చేతిలో ఉంది. గని పేరు, ఠేకేదారు పేరు ఇక్కడ అక్కర్లేదు. నేను చెప్పబోయేది నా తప్పుల గురించి.

ముందు మా ఊరి సంగతి కొంత చెప్పాలి. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడ్ జిల్లాలోకి వెళ్లింది. 1959లో చాందా జిల్లాలో కలిపారు. ఆ చాందాయే ఇప్పటి చంద్రపూర్. లక్కడ్‌కోట్ దాటి వాంకిడి మీదుగా ఆసిఫాబాద్ వెళ్లే దారి పొడుగునా ఇప్పటికీ మాకు చుట్టరికాలున్నాయి. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, గని మీద హిందీ, సర్కారు కాగితాల్లో ఇంగ్లీషు. ఈ నాలుగు భాషల మధ్య బతకడం మాకు అలవాటే. కానీ అవసరమైన మాట అవసరమైన భాషలో చెప్పకపోతే ఎంత నష్టమో నాకు సంఘంలోకి వచ్చాకే తెలిసింది.

వర్ధా నదికి అవతల బల్లార్‌పూర్, ఇవతల సాస్తి, గౌరీ, పౌని వైపు బొగ్గు గనులు. 1973లో బొగ్గు జాతీయమైంది. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. అప్పటినుంచి కంపెనీ రోల్‌మీదున్న కార్మికుల జీతాలు జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల ప్రకారం నడుస్తున్నాయి. దేశంలోని పెద్ద కార్మిక సంఘాలు, కోల్ ఇండియా యాజమాన్యం ఒకే బల్ల దగ్గర కూర్చుని వాటిని కుదుర్చుకుంటాయి. 2021 జులై 1 నుంచి వర్తించే పదకొండో ఒప్పందం 2023 మే నెలలో కుదిరింది. అందులో కనీసం 19 శాతం పెరుగుదల వచ్చింది. ఒక కార్మికుడు ఒంటరిగా వెళ్లి అడిగితే దొరకనిది, అందరూ కలిసి అడిగితే దొరుకుతుందనడానికి ఇంతకంటే పెద్ద రుజువు మా ప్రాంతంలో లేదు.

అదే గనిమీద ఇంకో రకం మనుషులున్నారు. బొగ్గు మీదున్న మట్టిని, రాయిని తవ్వి డంపు మీద పోసే పనిని మేం ఓబీ పని అంటాం. ఆ పని చాలాచోట్ల టెండరు మీద ఠేకేదారుకు వెళ్తుంది. టిప్పర్ డ్రైవర్లు, పొక్లెయిన్ ఆపరేటర్లు, హెల్పర్లు, టైర్ల పనివాళ్లు, పంపు దగ్గరుండేవాళ్లు అందరూ ఠేకేదారు మనుషులే. టెండరు గడువు ముగిస్తే ఠేకేదారు వెళ్లిపోతాడు, ఇంకొకడు వస్తాడు. కార్మికుడు మాత్రం అదే ఊళ్లో, అదే దుమ్ములో ఉంటాడు. వీళ్ల కోసం కోల్ ఇండియా హై పవర్ కమిటీ ప్రత్యేక వేతనాలు నిర్ణయించింది. 2013 జనవరి 1 నుంచి అవి వర్తించాలి. ఆ రేటు చేతికి రావాలి, ఎనిమిది గంటల డ్యూటీ ఉండాలి, జీతం చీటీ ఇవ్వాలి, బొగ్గు గనుల భవిష్యనిధిలో పేరు ఎక్కించాలి. మా సంఘం పుట్టింది ఈ నాలుగు డిమాండ్ల మీదే.

బాండు పేపరు మీద ఒప్పందం

మొదటి పోరాటంలో మా బలం చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఒక ఉదయం షిఫ్టులో టిప్పర్లు కదల్లేదు. రెండో షిఫ్టువాళ్లు వచ్చి మొదటివాళ్ల పక్కన కూర్చున్నారు. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, బీహార్ నుంచి వచ్చినవాళ్లు అన్న తేడా ఆ రోజు లేదు. చీకటి పడ్డాక ఠేకేదారు మమ్మల్ని క్యాంపు ఆఫీసుకు పిలిచాడు. జీతం పెంచడానికి ఒప్పుకున్నాడు. చీటీ ఇస్తానన్నాడు. "రాసుకుందాం" అన్నాడు. నేను వెంటనే సరేనన్నాను.

తహసీల్ కచేరీ దగ్గర దొరికే బాండు పేపరు మీద ఒప్పందం టైపు చేయించాం. బాండు పేపరు మీద రాసి, నోటరీ ముద్ర వేయిస్తే అది తిరుగులేని కాగితమని నా నమ్మకం. పొలం కౌలు, ఇంటి అద్దె, చేబదులు అన్నీ మా దగ్గర అలాగే రాసుకుంటారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు ముక్కలు ముక్కలుగా అర్థమైంది. జీతం అంకె సరిగా ఉందా లేదా అని చూసుకుని సంతకం పెట్టాను.

బయట నిలబడి ఉన్నవాళ్లలో ఒక పెద్దాయన, అందరికంటే ముందునుంచీ టిప్పర్ నడుపుతున్న కాకా, నా చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, గా కాయితంల ఏం రాసిండ్రో ఒక్కపారి సదివి ఇనిపియ్యి" అన్నాడు. "అంతా మంచిగనే ఉంది కాకా, రేపు గేటు కాడ చదువుత" అన్నాను. ఆ రేపు రాలేదు. గేటు దగ్గర గులాల్ చల్లుకున్నాం, మిఠాయి పంచుకున్నాం, డ్యూటీ ఎక్కాం. కాగితం నా ఇంట్లో బీరువాలోకి వెళ్లింది.

ఆ కాగితంలో రెండు లోపాలున్నాయి. రెండూ నాకు తెలియనివి, తెలుసుకోగలిగినవి.

మొదటిది దాని రూపం. అప్పట్లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం యజమానికి, కార్మికులకు మధ్య రాసుకున్న ప్రతి కాగితమూ ఒప్పందం కాదు. కేంద్ర నియమాల్లో దానికి ఫారం 'హెచ్' అనే నమూనా ఉంది. రెండు పక్షాలూ అందులో సంతకాలు చేసి, నకళ్లు కేంద్ర కార్మిక శాఖ అధికారులకు పంపాలి. చట్టంలోని 2(పి) సెక్షన్ అడిగేది అదే. బాండు పేపరు కావాలని ఎక్కడా లేదు, నోటరీ ముద్ర కావాలనీ లేదు. చంద్రపూర్‌లో సహాయ కార్మిక కమిషనర్ ఆఫీసు ఉంది, అది కేంద్ర ప్రభుత్వానిది. రాజురా నుంచి బస్సెక్కి వెళ్లి ఒక నకలు ఇచ్చి ముద్ర వేయించుకుంటే సరిపోయే పని. నేను వెళ్లలేదు.

రెండోది అంతకంటే లోతైనది. చట్టం ఒప్పందాలను రెండు రకాలుగా చూస్తుంది. యజమాని, సంఘం తమలో తాము రాసుకున్నది 18(1) సెక్షన్ కిందికి వస్తుంది. అది సంతకం పెట్టిన పక్షాలకే వర్తిస్తుంది. రెండు పక్షాలకూ రాజీ కుదిర్చే కార్మిక శాఖ సయోధ్య అధికారి ముందు, ఆయన నడిపిన చర్చల్లో కుదిరినది 12(3) ఒప్పందం. అది 18(3) కింద ఆ సంస్థలో పనిచేస్తున్న కార్మికులందరికీ వర్తిస్తుంది, ఏ సంఘంలో ఉన్నా, ఏ సంఘంలోనూ లేకపోయినా. అంతేకాదు, ఆ తర్వాత ఎప్పుడు చేరినవాళ్లకైనా వర్తిస్తుంది.

ఆ చివరి మాట విలువ నాకు మా వాళ్ల పని పోయాక అర్థమైంది. మా కాగితంలో పెరిగిన జీతం 'జతపరచిన జాబితాలోని సంఘ సభ్యులకు' అని ఉంది. జాబితా నేనే ఇచ్చాను, గర్వంగా ఇచ్చాను. ఠేకేదారు ఆ జాబితాలో లేని కొత్తవాళ్లను పాత జీతానికే తీసుకోవడం మొదలుపెట్టాడు. మావాళ్లకు వారంలో కొన్ని రోజులు "పని లేదు, రేపు రా" అనేవాడు. కొందరిని ఇంకో సైటుకు పంపాడు. వాళ్లు వెళ్లలేక మానేశారు. కొన్ని నెలలు గడిచేసరికి హాజరీ పుస్తకంలో మావాళ్లు తక్కువ, కొత్తవాళ్లు ఎక్కువ. నేను రాయించిన జాబితా ఎవరిని పక్కకు తప్పించాలో చెప్పే జాబితా అయింది.

కొత్తవాళ్ల మీద మాకు కోపం వచ్చింది. అదీ నా తప్పే. వాళ్లు జీవతి వైపు పల్లెలనుంచో, జార్ఖండ్ నుంచో వచ్చినవాళ్లు. వాళ్లకూ అప్పులున్నాయి, పిల్లలున్నారు. వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన సంఘం, వాళ్లను 'ఠేకేదారు మనుషులు' అని దూరం పెట్టింది. ఆ మాట గేటు దగ్గర మొదట మైకులో అన్నది నేనే.

నోటీసు లేని కామ్‌బంద్

ఒప్పందం అమలు కావడం లేదని మళ్లీ కామ్‌బంద్‌కు పిలుపిచ్చాం. రాత్రి నిర్ణయం, పొద్దున టిప్పర్లు ఆపడం. నోటీసు ఇస్తే ఠేకేదారు జాగ్రత్తపడతాడని, బయటినుంచి డ్రైవర్లను తెచ్చుకుంటాడని వాదించాను. మా కార్యవర్గంలో ఒకరు "ముందు చంద్రపూర్ ఆఫీసుకు ఒక కాయితం ఇద్దామన్నా" అన్నారు. నేను వినలేదు.

బొగ్గు పరిశ్రమ ఆ 1947 చట్టం మొదటి షెడ్యూలులో ఉండేది. ప్రభుత్వం దాన్ని ప్రజోపయోగ సేవగా ప్రకటించిన కాలంలో 22వ సెక్షన్ వర్తించేది. సమ్మెకు ముందు నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక 14 రోజులు ఆగాలి. సయోధ్య చర్చలు నడుస్తున్నంతకాలం, ముగిశాక మరో ఏడు రోజులు సమ్మె చేయకూడదు. ఇవన్నీ కార్మికుడి కాళ్లకు కట్టిన తాళ్లని అప్పట్లో నా అభిప్రాయం. చట్టంలో ఇంకో వైపు ఏముందో నేను చూడలేదు. ప్రజోపయోగ సేవలో సమ్మె నోటీసు సయోధ్య అధికారికి అందిన రోజునే సయోధ్య ప్రక్రియ మొదలైనట్టు 20వ సెక్షన్ చెబుతుంది. ఆ ప్రక్రియ నడుస్తున్నంతకాలం, వివాదంలో ఉన్న విషయాల్లో కార్మికుల పని షరతులను వాళ్లకు నష్టం కలిగేలా మార్చకూడదని 33వ సెక్షన్ యజమానిని కట్టడి చేస్తుంది. వివాదంతో ముడిపడిన ఆరోపణ మీద ఎవరినైనా తీసేయాలంటే ఆ అధికారి అనుమతి రాతపూర్వకంగా కావాలి. అంటే నేను వద్దన్న నోటీసే మావాళ్లకు గొడుగు పట్టేది. ఆ రక్షణ లేకుండానే వాళ్లను గేటు బయట నిలబెట్టాను.

ఆ కామ్‌బంద్‌కు ముందుగా నోటీసు లేదు కాబట్టి అది చట్టవిరుద్ధమని ఠేకేదారు తరఫు వకీలు నోటీసు పంపాడు. పని ఆపిన రోజుల జీతం పోయింది. సమ్మె కాలానికి జీతం అడగాలంటే సమ్మె చట్టబద్ధంగా ఉండాలి, సమంజసంగానూ ఉండాలి. రెండూ ఉంటేనే జీతం వస్తుందని సుప్రీంకోర్టు 1994లో సిండికేట్ బ్యాంకు కేసులో తేల్చింది. మా డిమాండ్ సమంజసమైనదే. నడిచిన పద్ధతి మాత్రం చట్టానికి లోబడలేదు. ఆ నెల కిరాణా కొట్టులో అప్పు పుట్టక ఇబ్బందిపడిన ఇళ్లు నాకు తెలుసు. వాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువైంది.

మనది కాని తలుపు

ఆ తర్వాత కోర్టుకెళ్లాం. మహారాష్ట్రలో 1971 నాటి చట్టం ఒకటుంది. కార్మిక సంఘాల గుర్తింపు, అనుచిత కార్మిక పద్ధతుల నివారణ దాని విషయం. 1975లో అమల్లోకి వచ్చింది. సంస్థలో కనీసం 30 శాతం కార్మికులు ఆరు నెలలుగా సభ్యులుగా ఉంటే సంఘం గుర్తింపు కోరవచ్చు. గుర్తింపు పొందిన సంఘంతో నిజాయితీగా బేరమాడకపోవడం, కుదిరిన ఒప్పందాన్ని అమలు చేయకపోవడం అనుచిత పద్ధతులు. వాటి మీద 90 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ముంబయి, పుణె కార్ఖానాల సంఘాలు ఈ చట్టంతో ఎన్నో కేసులు గెలిచాయి. ఆ కథలు విని మేమూ అదే చట్టం కింద ఫిర్యాదు చేశాం. దాని కోసం చందా రసీదులు పోగుచేశాం, సభ్యత్వ పట్టికలు రాశాం.

గుర్తింపు ఎంత పెద్ద విషయమో మహారాష్ట్రలోని తెలుగువాళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబయి బట్టల మిల్లుల సమ్మె మొదలైనప్పుడు సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు వీధిన పడ్డారు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు కూడా అందులో ఉన్నాయి. కార్మికులు ఆయన వెంట నడిచారు. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం మాత్రం ప్రతినిధి సంఘం రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్. మిల్లు యజమానులు, ప్రభుత్వం చివరిదాకా ఆ గుర్తింపునే పట్టుకుని నిలబడ్డారు. వీధిలో ఉన్న సంఖ్యకు చట్టంలో చోటు దొరకకపోతే ఏమవుతుందో ఆ సమ్మె చూపించింది.

మా కేసులో ఎదుటి వకీలు మొదటి వాయిదాల్లోనే ఒక అభ్యంతరం లేవనెత్తాడు. 1971 చట్టం వర్తించేది ఏ పరిశ్రమకు రాష్ట్ర ప్రభుత్వం 'తగిన ప్రభుత్వమో', అంటే ఏ పరిశ్రమ వివాదాలు చూసే అధికారం రాష్ట్రానిదో, ఆ పరిశ్రమకే. గనికి తగిన ప్రభుత్వం కేంద్రం. కాబట్టి ఈ ఫిర్యాదు ఈ కోర్టులో నిలవదు. ఇంకో అభ్యంతరం కూడా ఉంది. మేం ఫిర్యాదులో ఠేకేదారుతో పాటు గని యాజమాన్యాన్నీ చేర్చాం, మా అసలు యజమాని అదేనని రాశాం. యజమాని ఎవరన్నదే వివాదమైనప్పుడు ఈ చట్టం కింద ఫిర్యాదు చెల్లదని, ముందు ఆ సంగతి సరైన చోట తేల్చుకుని రావాలని సుప్రీంకోర్టు 2001లో కల్యాణి స్టీల్స్, సిప్లా కేసుల్లో చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కాంట్రాక్టు వ్యవస్థను నిషేధించినంత మాత్రాన కార్మికులు అసలు యజమాని ఉద్యోగులైపోరని తేల్చింది. మా వకీలు మంచివాడే. కానీ ఆయన పని ఎక్కువగా భూమి తగాదాలది. గని విషయం తెలిసినవాళ్లను నాగపూర్‌లో వెతకాల్సింది నేను.

వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. చివరికి ఫిర్యాదు కొట్టేశారు. ఈలోగా ఠేకేదారు టెండరు గడువు ముగిసి, యంత్రాలు లారీలకెక్కించుకుని వెళ్లిపోయాడు. సరైన తలుపు ఎక్కడుందో అప్పటికి నాకు తెలిసింది. చంద్రపూర్‌లోని కేంద్ర సహాయ కార్మిక కమిషనర్, ఆపైన నాగపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పారిశ్రామిక ట్రిబ్యునల్. కానీ తట్టవలసిన కాలం దాటిపోయింది.

చట్టం అడగనిది

ఈ మూడు తప్పులకూ కింద ఇంకొకటి ఉంది. దాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

1976లో హెర్బర్ట్‌సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక సంగతి చెప్పింది. గుర్తింపు ఉన్న సంఘం నిజాయితీగా బేరమాడి ఒప్పందం చేసుకుంటే, అందులోని ప్రతి షరతు ప్రతి కార్మికుడికీ విడివిడిగా తెలిసి ఉండాల్సిన అవసరం లేదు. ఒప్పందం న్యాయమైనదా కాదా అన్నది ముక్కలుగా కాక మొత్తంగా చూడాలి. కోర్టు దృష్టిలో అది సబబే. వేలమంది తరఫున ఒక సంఘం మాట్లాడే చోట ఒక్కొక్కరూ వచ్చి నాకు తెలియదంటే ఏ ఒప్పందమూ నిలవదు. నేను తర్వాత ఈ తీర్పు గురించి చదివి మొదట కొంత ఊరటపడ్డాను. కాకాకు కాగితం చదివి వినిపించకపోవడం చట్టప్రకారం తప్పు కాదుకదా అనుకున్నాను.

ఆ ఊరట నిలవలేదు. ఆ రాత్రి కాగితాన్ని గేటు దగ్గర తెలుగులో, మరాఠీలో, హిందీలో చదివి ఉంటే ఎవరో ఒకరు "జాబితాల లేనోళ్ల సంగతేంది?" అని అడిగేవారు. టిప్పర్ మీద ఏళ్ల తరబడి ఠేకేదార్ల పద్ధతి చూసిన కాకా తప్పకుండా అడిగేవాడు. నాకు తెలియని చట్టం వాళ్లకూ తెలియదు. కానీ ఠేకేదారు ఏం చేయగలడో నాకంటే వాళ్లకు బాగా తెలుసు. ఆ తెలివిని నేను బేరంలోకి రానివ్వలేదు. కార్యదర్శిని కాబట్టి అందరి తరఫునా నేనే ఆలోచిస్తే చాలనుకున్నాను. సామూహిక బేరసారాలని పేరు పెట్టుకుని ఒక్కడినే బేరం చేశాను.

రెండోసారి

కొత్త ఠేకేదారు వచ్చాక మిగిలిన కొద్దిమందితో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నేను ముందు నడవలేదు, కలిసి నడిచాను. కొత్తగా చేరినవాళ్ల గదులకు వెళ్లి మాట్లాడాం. నేను మైకులో అన్న మాటకు క్షమాపణ చెప్పాను. చందా ప్రతినెలా రసీదు మీదే తీసుకున్నాం. సభ్యత్వ రిజిస్టరు, సమావేశాల మినిట్స్ రాయడం ఇద్దరు కుర్రవాళ్లకు అప్పగించాం. డిమాండ్ల పత్రం మూడు భాషల్లో రాసి, మూడు షిఫ్టుల్లోనూ చదివి, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించి తీర్మానం చేశాం.

ఒప్పందం రాసేముందు నాగపూర్‌లో కార్మిక చట్టాలు తెలిసిన వకీలును కలిశాం. అప్పట్లో అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో మాకు పనికొచ్చే రెండు ఆధారాలను ఆయన చూపించారు. ఠేకేదారు జీతం ఎగ్గొడితే దాన్ని చెల్లించే బాధ్యత 21(4) సెక్షన్ కింద ప్రధాన యజమానిది, అంటే ఠేకా ఇచ్చిన గని కంపెనీది. 1971 కేంద్ర నియమాల్లో 25వ నియమం ప్రకారం, ప్రధాన యజమాని నేరుగా పెట్టుకున్న కార్మికుడు చేసే పనే కాంట్రాక్టు కార్మికుడూ చేస్తే వేతనం, పని షరతులు సమానంగా ఉండాలి. పని ఒకటేనా కాదా అన్న పేచీ వస్తే కేంద్ర ఉప ప్రధాన కార్మిక కమిషనర్ తేలుస్తారు. మమ్మల్ని కంపెనీలో కలుపుకోమని పెద్ద కేసు వేయడంకంటే, ఉన్న హక్కును ఉన్నచోట అడగడం మేలని అప్పుడు తెలిసింది.

నోటీసు ఇచ్చాం. చంద్రపూర్‌లో సయోధ్య అధికారి ముందు కూర్చున్నాం. ఠేకేదారుతో పాటు ప్రధాన యజమాని ప్రతినిధిని కూడా ఆ బల్ల దగ్గరకు పిలిపించమని రాతపూర్వకంగా కోరాం. వాళ్లు వచ్చారు. చర్చలు విసుగు పుట్టించేంత నెమ్మదిగా సాగాయి. ప్రతి విడత తర్వాత గేటు దగ్గర ఏం జరిగిందో చెప్పేవాళ్లం. కార్మికులు చెప్పింది మళ్లీ బల్ల దగ్గరకు తీసుకెళ్లేవాళ్లం. చివరికి కుదిరినది 12(3) ఒప్పందం, ఫారం 'హెచ్' మీద, ముగ్గురి సంతకాలతో. సంతకానికి ముందు దాన్ని మూడు భాషల్లో చదివాం. అభ్యంతరాలు అడిగాం. రెండు చోట్ల మాటలు మార్పించాం.

అడిగినవన్నీ రాలేదు. జీతం చీటీ, భవిష్యనిధి, వారపు సెలవు వచ్చాయి. రేటులో కొంత తగ్గాల్సి వచ్చింది. కానీ ఆ తర్వాత చేరిన ప్రతి హెల్పరుకూ అదే జీతం వర్తించింది. పాతవాణ్ణి తీసి కొత్తవాణ్ణి పెట్టుకుంటే ఠేకేదారుకు మిగిలేది లేకుండా పోయింది. మొదటి పోరాటంలో మా బలం చాలా ఎక్కువ, రెండోసారి తక్కువ. తక్కువ బలంతో తెచ్చుకున్నదే నిలబడింది. బలం వాననీరు లాంటిది, కట్ట పోసుకుంటేనే నిలుస్తుంది.

మొదటి జాబితాలో ఉండి పని పోగొట్టుకున్నవాళ్లు మాత్రం తిరిగి రాలేదు. కొందరు సిమెంటు కార్ఖానాల వైపు, కొందరు తెలంగాణ వైపు వెళ్లిపోయారు. కాకా టిప్పర్ మళ్లీ ఎక్కలేదు. రెండో ఒప్పందం సంగతి ఆయన ఇంటికి వెళ్లి చెప్పాను. చెప్పి, ఆయన మాట ఆ రోజు విననందుకు తప్పయిందన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టించారు.

ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లకు

సరిహద్దు అవతల సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్ ద్వారా ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల దాకా ఆ సంప్రదాయం నడిచింది. అందులో ఓటు పర్మనెంటు కార్మికులదే. కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో రెండు వారాలకు పైగా సమ్మె చేస్తే గానీ వాళ్ల మాట బల్ల దగ్గరకు చేరలేదు. మన రెండు వైపులా కాంట్రాక్టు కార్మికుడి సమస్య ఒకటే. అతని పని శాశ్వతం, అతని యజమాని తాత్కాలికం. అందుకే అతని ఒప్పందం మిగతావాళ్ల ఒప్పందంకంటే జాగ్రత్తగా రాయాలి.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల స్మృతి అమల్లోకి వచ్చి 1947 చట్టం స్థానాన్ని తీసుకుంది. నేను పైన చెప్పిన సెక్షన్ల అంకెలు మారాయి. విషయం మాత్రం మరింత బిగిసింది. మస్టరు రోల్ మీదున్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక బేరసారాల సంఘం. ఏ సంఘానికీ అంత లేకపోతే, 20 శాతానికి తగ్గకుండా ఉన్న సంఘాలతో మండలి ఏర్పడుతుంది. 14 రోజుల సమ్మె నోటీసు ఇప్పుడు ప్రజోపయోగ సేవలకే కాదు, అన్ని పారిశ్రామిక సంస్థలకూ తప్పనిసరి. సగం మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఒక్కసారి సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. రాత్రికి రాత్రి టిప్పర్లు ఆపే పద్ధతికి ఇక చోటు లేదు. ఈ మార్పులు కార్మికుడికి భారమని నా అభిప్రాయం. సంఘాలు దాని మీద పోరాడాలి, పోరాడుతున్నాయి కూడా. ఆ పోరాటం తేలేలోగా మాత్రం ఉన్న చట్టం కిందే బేరం నడపాలి. చట్టం ఇష్టం లేదని చదవకుండా ఉంటే నష్టం చట్టానికి రాదు.

కాబట్టి రాజురా, గడ్‌చాందూర్, బల్లార్‌పూర్ గనుల మీద, కార్ఖానాల్లో సంఘాలు నడుపుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఇది. మీ పరిశ్రమకు తగిన ప్రభుత్వం కేంద్రమా, రాష్ట్రమా అన్నది మొదటి సమావేశంలోనే తేల్చుకోండి. చందా తీసుకున్న రోజే రసీదు ఇవ్వండి, రేపు 51 శాతమో 20 శాతమో రుజువు చేసేది ఆ రసీదులే. ఒప్పందాన్ని మీ సభ్యుల జాబితాకు ముడిపెట్టకండి, ఆ పనికి ముడిపెట్టండి. సయోధ్య అధికారి ముందు, ప్రధాన యజమానిని కూడా కూర్చోబెట్టి సంతకాలు చేయించండి. నోటీసు ఇవ్వడానికి భయపడకండి. అన్నిటికంటే ముందు, సంతకం చేయబోయే కాగితాన్ని అందరి భాషల్లో, అందరి ముందు చదవండి. చదివేటప్పుడు ఎవరైనా ఆపి ప్రశ్న అడిగితే, ఎంత రాత్రయినా సరే, జవాబు దొరికేదాకా కలం మూతపెట్టి ఉంచండి.